పదహారో ఐసీ

"నిన్న నాలుగింటికి మాస్టారి వర్క్‌షాపులోకి వెళ్ళారు. నాలుగూ నలభై అయిదుకి బయటికి వచ్చారు. ఎదురింటి టైలరమ్మ చూసింది. ఆ నలభై అయిదు నిమిషాలూ లోపల ఏం చేశారండీ?"

"పాటలు విన్నాం మేడం" అన్నాడు ఒరిజినల్.

అతని అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తు లేదు. ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణం అతనిది. ఏ ఐసీ చిప్పు అడిగినా, దాని తయారీ ఆగిపోయి పాతికేళ్ళయినా సరే, లేదనే మాట అతని నోట రాదు. తీసి గాజు బల్ల మీద పెట్టి "ఒరిజినల్" అంటాడు. అనగా అనగా అదే పేరైపోయింది. తన నిజాయితీ గురించి తానే పొద్దస్తమానం చెప్పుకునేవాళ్ళంటే నాకు మొదటినుంచీ అనుమానం. డిటెక్టివ్‌ని కాకముందు పద్దెనిమిదేళ్ళు బీమా కంపెనీలో క్లెయిములు పరిశీలించాను. కొట్టు తగలబడిపోయిందని ఏడ్చేవాళ్ళలో సగం మంది చేతులు కిరసనాయిలు వాసన కొట్టేవి.

"ఎవరు రమ్మన్నారు?"

"మాస్టారే ఫోన్ చేశారు. కొత్త పాటల పెట్టె పూర్తయింది, విందువుగాని రమ్మన్నారు. పియానో డిస్కు పెట్టారు. మూడు పాటలు విన్నాం. చివరి స్వరం అలా సన్నబడి, సన్నబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగిపోయింది. కళ్ళ నీళ్ళు తిరిగాయి మేడం."

"పెట్టెలో ఉన్న ఐసీలు మీరు అమ్మినవేనా?"

"కాదు. వాళ్ళ బావమరిది పాత ప్లేయర్ లోంచి పీకి తెచ్చినవి రెండు ఉన్నాయి అందులో. నావి పదహారూ ట్రేలో ఉన్నాయి. నేను బయల్దేరేటప్పుడు కూడా ఆ ట్రే బల్ల మీదే ఉంది. మాస్టారు గుమ్మం దాకా వచ్చి సాగనంపారు. నాలుగూ యాభై ఎనిమిదికి నేను ఈ కుర్చీలో ఉన్నాను. కావాలంటే పైన కెమెరా చూసుకోండి."

నేను కెమెరా సంగతి అడగలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నవాడని ఊరికే అనలేదు.

"గదంతా వెతికారా మేడం?" అన్నాడు, షట్టర్ కొక్కెం అందుకుంటూ. "ఇంకేమీ దొరకలేదా?"

"ఇంకేమీ అంటే?"

"అదే, ఏదైనా ఆధారం. పాపం, అక్కయ్య నిన్నటి నుంచి కునుకు తీయలేదు. మూడింటి నుంచి మాస్టారి దగ్గర నేను కూర్చుంటానని చెప్పాను. బయల్దేరతాను మరి."

చేతిలో పళ్ళ సంచి, కాఫీ ఫ్లాస్కు. చూసినవాళ్ళెవరైనా ఎంత మంచివాడో అనుకుంటారు. నేను గడియారం చూసుకున్నాను. రెండూ ముప్ఫై అయిదు.

అక్కయ్యంటే మాస్టారి భార్య. నాకన్నా చిన్నదే అయినా వీధి వీధంతా అలాగే పిలుస్తుంది కాబట్టి నాకూ అదే అలవాటైపోయింది. నిన్న, శుక్రవారం సాయంత్రం అయిదూ నలభైకి ఆఫీసు నుంచి వచ్చి వెనక వాటాలోని వర్క్‌షాపు తలుపు తోసింది. భర్త తల పగిలి నేల మీద పడి ఉన్నారు. పక్కన రెండు కిలోల ట్రాన్స్‌ఫార్మర్, మీద వేలిముద్రలు లేకుండా తుడిచి ఉంది. బల్ల మీద ట్రే ఖాళీ. మాస్టారు ఇంకా స్పృహలోకి రాలేదు. ఆమె తమ్ముణ్ణి మాత్రం పోలీసులు రాత్రే పట్టుకుపోయారు. ఈ సాయంత్రం అయిదింటికి జడ్జి ముందు పెడతారట. "ఒకపక్క మొగుడు, ఒకపక్క తమ్ముడు. ఎవరి కోసం ఏడవాలో కూడా తెలియడం లేదు మేడం" అంది పొద్దున నా దగ్గరికొచ్చి. అలా అందే గాని ఏడవలేదు. ఏడవకుండా టైములు వరసగా చెప్పింది. అందుకే కేసు తీసుకున్నాను.

మూడూ పదికి వర్క్‌షాపు చేరాను. అప్పటికే వీధి గుమ్మం ముందు పోలీసు జీపు ఉంది.

"రండి వదినగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? మీ చెల్లెలు అడగమంది."

మా చెల్లెలి మొగుడు. పదేళ్ళుగా ఈ ఊళ్ళో నేను పట్టుకున్న ప్రతి కేసూ తనదేనని చుట్టాలందరికీ చెప్పుకునే మనిషి.

"నొప్పులు తగ్గాయి మరిదీ. నీ తొందరపాటు తగ్గిందా?"

"దొంగ దొరికాక తొందరెందుకు?" అంటూ పక్కకి జరిగాడు. వెనక అక్కయ్య తమ్ముడు, చేతులకి సంకెళ్ళు. రాత్రంతా నిద్రలేని కళ్ళు. జరిగిందంతా చూపించమని సంఘటన స్థలానికి తీసుకొచ్చారు. తలుపు పక్కన అక్కయ్య నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది. తమ్ముడి సంకెళ్ళ వైపు చూడకుండా ఉండటానికి గోడ గడియారం వైపు చూస్తోంది.

"అతనితో పది నిమిషాలు మాట్లాడాలి."

"మాట్లాడండి. నేనూ వింటాను. మీ దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది కదా" అని స్టూలు లాక్కుని కూర్చున్నాడు మరిది.

తమ్ముణ్ణి ఎదురుగా కూర్చోబెట్టాను.

"నిన్న మధ్యాహ్నం బావతో గొడవ పడ్డావా?"

"పడ్డాను. మూడింటికి."

"దేని గురించి?"

"ఒరిజినల్ అమ్మిన పదహారు ఐసీల గురించి. అవి నకిలీవని చెప్పాను."

"నాకు ఈ విద్య తెలియదు. మొదటినుంచీ చెప్పు."

అతను అక్క వైపు ఒకసారి చూశాడు. "డిస్కు మీద ఉండేది పాట కాదు మేడం, అంకెలు. ఆ అంకెల్ని మళ్ళీ పాటగా మార్చేది ఐసీ. ఇప్పటివి వేరే రకం. పాతవాటిలో సన్న సన్న రెసిస్టర్లు నిచ్చెన మెట్లలాగా ఉంటాయి. వాటితో వింటే మనిషి ఎదురుగా కూర్చుని వాయించినట్టుంటుందని బావ పిచ్చి. ఎవరి పిచ్చి వాళ్ళకానందం అనుకోండి. పదకొండేళ్ళుగా వాటి కోసం తిరుగుతున్నాం. తయారీ ఎప్పుడో ఆగిపోయింది. పాత సీడీ ప్లేయర్లు ఎక్కడ తుక్కుకి పడ్డా వెళ్ళి మూత విప్పి చూస్తాను. వందలో ఒకదాంట్లో దొరుకుతాయి, అదీ రెండే. అలాంటిది ఒరిజినల్ ఒకేసారి పదహారు తెచ్చాడు. అన్నీ కొత్తవి, కాళ్ళకి సోల్డర్ మచ్చ కూడా లేదు."

"కొత్తవైతే మంచిదే కదా."

"పైన తయారైన సంవత్సరం, వారం అచ్చేసి ఉంటాయి. వీటి మీదున్న తేదీ చూస్తే కంపెనీ ఆ రకం మానేసిన రెండేళ్ళ తర్వాతిది. చచ్చిపోయినవాడు పెళ్ళికొచ్చి సంతకం పెట్టినట్టుంది. అదే చెప్పాను బావకి."

"ఆయనేమన్నారు?"

"తుక్కు ఏరుకునేవాడివి, నువ్వా నాకు చెప్పేది అన్నారు. నాకూ నోరు జారింది. నీ పెట్టెలన్నీ ఈ చేతుల్తోనే పగలగొడతాను, ఇక నీ గడప తొక్కను అన్నాను."

"ఆ మాట టైలరమ్మ కూడా విన్నది" అన్నాడు మరిది, పళ్ళు కనపడేలా నవ్వుతూ. "తుక్కు అమ్మేవాడు కొత్త సరుకు నకిలీదనక ఏమంటాడు వదినా? తన బేరం పోతోందని కడుపుమంట."

"ఆ తర్వాత?"

"మూడున్నరకి వెళ్ళిపోయాను. మూడూ యాభై నుంచి నాలుగూ నలభై దాకా కాటా దగ్గర ఉన్నాను, తుక్కు దింపుతూ. నలుగురు చూశారు, చీటీ కూడా ఉంది. తర్వాత ఊరికే రోడ్ల మీద తిరిగాను, కోపం చల్లారేదాకా."

"కోపం చల్లారలేదు" అన్నాడు మరిది. "వెనక గుమ్మం తాళంచెవి ఇతని దగ్గరుంది. ట్రే మీద ఇతని వేలిముద్రలున్నాయి. నాలుగూ నలభై అయిదుకి మాస్టారు క్షేమంగా, నవ్వుతూ గుమ్మంలో నిలబడ్డారని పెద్దమనిషి సాక్ష్యం చెప్పాడు. ఆ తర్వాత గంటసేపు ఇతనెక్కడున్నాడో చూసినవాడు లేడు. ఇంకేం కావాలి?"

నిజమే. టైలరమ్మకి కనపడేది వీధి గుమ్మమే, వెనక వాటా కనపడదు. ఇతని మెడకి చుట్టుకున్న తాడు మొత్తం ఆ నాలుగూ నలభై అయిదు మీదే వేలాడుతోంది. మాస్టారు ఆ టైముకి అసలు లేచి నిలబడే స్థితిలో లేరని తేలితే తాడు తెగుతుంది, తెగి ఇంకో మెడ వెతుక్కుంటుంది. గోడ మీద మూడూ ఇరవై నాలుగు. అయిదింటికి జడ్జి.

లేచి గది చూడటం మొదలుపెట్టాను. మాస్టారు శుభ్రమైన మనిషి. ప్రతి సొరుగుకీ చీటీ, ప్రతి చీటీ మీదా పెన్సిలు రాత. బల్ల మధ్యలో కొత్త పెట్టె, మూత తీసి ఉంది. లోపల పచ్చటి బోర్డు మీద తమ్ముడు తెచ్చిన రెండు ఐసీలూ, ఒక్కోదాని పక్కన గింజంత స్క్రూ. పెట్టె అంచు మీద కాగితం టేపు అంటించి ఉంది. దాని మీద పెన్సిలుతో 3:42 అని రాసి ఉంది, అంతే.

"ఇదేం టైము అక్కయ్యా?"

"స్విచ్ వేసిన టైము మేడం" అంది దగ్గరికొచ్చి. "పెట్టె గంటసేపు వేడెక్కాలి. అప్పుడు ఆ ప్రీసెట్ స్క్రూలు తిప్పి, మీటరు పెట్టి సరిచేస్తారు. సరిచేశాక అవి కదలకుండా మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టి, పెట్టిన టైము కూడా కింద రాస్తారు. ఆ తర్వాతే పాట. మా పెళ్ళిరోజున కూడా గంటకి ముందు ఒక్క పాట వినిపించలేదు ఆ మహానుభావుడు."

"పాలిష్ మీదా?"

"నేను పెట్టుకోనండి. ఆయన కోసమే కొంటాను, పాలిషూ రిమూవరూ రెండూ. షాపులో అమ్మాయి నేనేదో పెద్ద సోకులాడిననుకుంటుంది."

స్క్రూల తలలు బోసిగా ఉన్నాయి, చుక్క లేదు. టేపు మీద రెండో టైము లేదు. ఎర్ర పాలిష్ సీసా షెల్ఫులో ఉంది గాని మూత చుట్టూ ప్లాస్టిక్ కాగితం కూడా చింపలేదు. నేను మరిదిని పిలిచి వేలుపెట్టి చూపించాను.

"మూడూ నలభై రెండుకి గంట కలుపు. నాలుగూ నలభై రెండు. దానికి ముందు మాస్టారు ఎవరికీ పాట వినిపించరు. నాలుగింటి నుంచి మూడు పాటలు విన్నానంటున్నాడు ఒరిజినల్."

"స్నేహితుడొచ్చాడని రూలు సడలించి ఉంటారు."

"పెళ్ళానికే సడలించని రూలు."

"పెళ్ళానికి సడలించం వదినా. స్నేహితులకే సడలిస్తాం" అన్నాడు. కానిస్టేబుల్ నవ్వాపుకోలేక తుమ్మినట్టు నటించాడు.

ప్లేయర్‌లో పియానో డిస్కు ఇంకా ఉంది. వేలిముద్రల పని నిన్నే అయిపోయింది కాబట్టి, తమ్ముడు చెప్పిన వరసలో స్విచ్చులు వేశాను. ఒరిజినల్‌కి కళ్ళ నీళ్ళు తెప్పించిన మూడో పాటే పెట్టాను. బాగానే ఉంది. చివరి స్వరం సన్నబడింది. సన్నబడేకొద్దీ దాని వెనకాల గరగర మొదలైంది, ఎండుటాకుల మీద ఎవరో నడుస్తున్నట్టు. స్వరం ఆగిపోయే ముందు ఇక ఆ గరగర తప్ప ఏమీ వినపడలేదు.

తమ్ముడి ముఖం వాడిపోయింది. ఆ క్షణంలో సంకెళ్ళు కూడా మర్చిపోయినట్టున్నాడు. "నిచ్చెన పై మెట్టు సరిచేయలేదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా సన్నటి చోట ఇలాగే గీరుతుంది. గంట వేడెక్కినా స్క్రూ తిప్పకపోతే ఇంతే. దీన్ని విని కళ్ళ నీళ్ళు పెట్టుకున్నాడంటే అది చెవి నొప్పితో అయ్యుండాలి మేడం."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది" అన్నాడు మరిది లేస్తూ. "మీకు ఆధారం దొరక్క పెట్టె గరగరమంటోందంటున్నారు. జడ్జిగారికి నేను పియానో వినిపించనా? ఆయనకి నా మాటే సరిగ్గా వినపడదు."

ఒళ్ళు మండింది. మండినా అతని మాటలో కొంత న్యాయం ఉంది. అలవాట్లు సాక్ష్యం చెప్పవు. చేతిలో పట్టుకోగలిగిన వస్తువేదో కావాలి.

బల్ల కింద చెత్తబుట్ట ఉంది. తీగముక్కలు, కాగితాలు, వాటి మీద అయిదారు దూది ఉండలు. నల్లగా ఉన్నాయి.

"ఇవి చూశావా మరిదీ?"

"చూశాను. మసి."

"వాసన చూశావా?"

చూడలేదు. చూసి ముక్కు ముడుచుకున్నాడు. నెయిల్ పాలిష్ రిమూవర్. బల్ల మీద దాని సీసా సగానికి ఖాళీ అయి ఉంది, మూత బిగించి లేదు.

"పాలిష్ పెట్టనేలేదు. మరి దేన్ని తుడిచారు?"

తమ్ముడు ఆ దూది వైపే చూస్తున్నాడు. కాసేపటికి మెల్లగా అన్నాడు.

"అసలు ఐసీని రిమూవర్‌తో ఎంత రుద్దినా అచ్చు చెరగదు. నకిలీవాళ్ళు ఏదో పనికిమాలిన ఐసీ తీసుకుని, పాత అచ్చు గీకి, మీద నల్లరంగు పూసి కొత్త అచ్చు వేస్తారు. తుడిస్తే ఆ రంగు దూదికి వచ్చేస్తుంది. అయితే నేను వెళ్ళాక బావ తుడిచి చూశారన్నమాట."

నిన్నటి నుంచి అతన్ని దొంగ అన్నారు, బావ తల పగలగొట్టాడన్నారు, అప్పుడు చెమ్మగిల్లని కళ్ళు ఇప్పుడు చెమ్మగిల్లాయి. బావ తన మాట నమ్మారు. నోటితో తిట్టినా, వెనక్కి తిరిగి సీసా మూత తీశారు. అక్కయ్య వచ్చి సంకెళ్ళున్న ఆ చేతుల మీద చెయ్యి వేసింది. కానిస్టేబుల్ అడ్డుపడబోతే నేను కళ్ళతోనే కూర్చోబెట్టాను.

"తుడిచి చూసి, నిజం తెలిసి, ఒరిజినల్‌కి ఫోన్ చేశారు" అన్నాను. "పాట వినడానికి రమ్మని కాదు. ఇన్నాళ్ళుగా ఎంతమందికి ఇలా అంటగట్టావో చెప్పమని. ఆ సంగతి బయటపడితే రేపటి నుంచి ఆ దుకాణం గడప ఎవరూ తొక్కరు."

మరిది ముఖంలో నవ్వు తగ్గింది గాని మాట తగ్గలేదు. "దూది ఎప్పటిదో ఎవరికి తెలుసు? నల్లరంగు దేనిదో ఎవరికి తెలుసు? తుడిచిన ఐసీ ఒక్కటి చూపించండి. ఒక్కటి. ఇక్కడే, ఈ గదిలోనే సంకెళ్ళు తీస్తాను."

"మాట మీద ఉంటావా?"

"మీ చెల్లెలి మీద ఒట్టు."

"దాని మీద వద్దు, నీ మీద వేసుకో."

మూడూ ముప్ఫై తొమ్మిది. నేను గది మధ్యలో నిలబడి మళ్ళీ లెక్క వేసుకున్నాను. మనిషిని కొట్టి ట్రే ఖాళీ చేయడానికి అయిదు నిమిషాలు చాలు. పది అనుకుందాం. ఒరిజినల్ నలభై అయిదు నిమిషాలు ఉన్నాడు. రక్తం కారుతున్న మనిషి పక్కన, ఎవరైనా వస్తారేమోనన్న భయంతో, మిగిలిన ముప్ఫై అయిదు నిమిషాలు ఏం చేశాడు?

కిందికి వంగి చూశాను. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. షెల్ఫు కింద డబ్బాలన్నీ జరిగి ఉన్నాయి. దుమ్ములో వాటి పాత చోట్లు చతురస్రాలుగా కనపడుతున్నాయి. చాప తిరగేసి మళ్ళీ పరిచినట్టుంది, రక్తపు మరక ఒకచోట చాప మడత లోపలికి పోయింది. అంటే మాస్టారు పడ్డాక కూడా నేల మీద వెతికాడు. పదహారు ఉండాలి, లెక్క పదిహేనే తేలింది. గదంతా వెతికారా మేడం, ఇంకేమీ దొరకలేదా. దుకాణంలో అతను అడిగింది అక్కయ్య మీద జాలితో కాదు.

పెనుగులాటలో ట్రే తిరగబడి ఉంటుంది. నేల మీద పడ్డది నేల మీదే ఉండాలి. లేదంటే నేల మీద నడిచిన దేనికో అంటుకుని ఉండాలి.

"అక్కయ్యా, ఆసుపత్రిలో డాక్టర్లు తల గాయం కాకుండా ఇంకేమైనా చెప్పారా? ఎంత చిన్నదైనా సరే."

ఆమె ఆలోచించింది. "పొద్దున నర్సు అడిగింది. కుడి మడమ మీద ఎర్ర చుక్కలున్నాయి, ఏదైనా కుట్టిందా అని. సూదితో గుచ్చినట్టు, రెండు వరసలు."

"వరసకి ఎన్ని?"

"ఎవరు లెక్కపెట్టారండీ? ఏడో ఎనిమిదో."

మరిది పెద్దగా నవ్వాడు. "తల పగిలిన కేసులో మడమ చూస్తున్నారు మా వదిన."

తమ్ముడు నవ్వలేదు. తల ఎత్తి నా వైపు చూశాడు. నేను అడిగే లోపే చెప్పాడు. "ఐసీకి పదహారు కాళ్ళు మేడం. అటు ఎనిమిది, ఇటు ఎనిమిది."

"తొక్కితే గుచ్చుకుంటాయా?"

"వెల్లకిలా పడి ఉంటే. ఈ పనిలో ఉన్నవాళ్ళెవరైనా ఒక్కసారైనా దాన్ని తొక్కి కెవ్వుమనాల్సిందే. బావ రబ్బరు చెప్పులు మడమ దగ్గర కాగితంలా అరిగిపోయాయి. కొత్తవి కొనమంటే వినరు."

"ఆ చెప్పులెక్కడ?"

స్ట్రెచర్ మోసినవాళ్ళు కాళ్ళకడ్డమని తన్నేసినట్టున్నారు. ఒకటి తలుపు వెనక, ఒకటి బీరువా కింద. బీరువా కింద ఉన్నది కుడికాలిది. కర్రతో లాగి, చేతిరుమాలుతో పట్టుకుని తిరగేశాను.

మడమ దగ్గర రబ్బరులో కూరుకుపోయి, నల్లగా, చిటికెన వేలి గోరంత పొడవున్న ఐసీ. కాళ్ళన్నీ రబ్బరు లోపలికి దిగిపోయి, పైభాగం బయటికి కనపడుతోంది. అందులో సగం నిగనిగలాడుతోంది, తెల్లటి అచ్చుతో. మిగతా సగం రంగు పోయి బూడిదరంగులో గీకుళ్ళు. ఆ గీకుళ్ళ అడుగున సగం చెరిగిన పాత అంకెలు, పైనున్న వాటితో ఏ సంబంధం లేనివి.

మరిదికి అందించాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. తర్వాత జేబులోంచి తాళంచెవి తీశాడు. నాకు నచ్చని గుణాలు అతనిలో చాలా ఉన్నాయి గాని, ఇచ్చిన మాట తప్పడం వాటిలో లేదు.

సంకెళ్ళు ఊడాయి. అక్కయ్య తమ్ముడి మణికట్లు పట్టుకుని, వాతలు పడ్డచోట బొటనవేలితో రాస్తూ నిలబడింది. అప్పుడు ఏడ్చింది.

నాకు మాత్రం ఊరట కలగలేదు. ఏదో లెక్క ఇంకా మిగిలిపోయింది.

"అక్కయ్యా, మడమ మీద చుక్కల సంగతి నర్సు అడిగినప్పుడు పక్కన ఎవరైనా ఉన్నారా?"

"ఒరిజినల్ ఉన్నాడు. పొద్దున కూడా వచ్చాడు. దుప్పటి ఎత్తి తనే చూశాడు పాపం, చాలాసేపు."

"మరిదీ, ఆసుపత్రి గది దగ్గర నీ మనిషి ఉన్నాడా?"

"దొంగ దొరికాడు కదా అని పొద్దున్నే పంపించేశాను."

అక్కయ్య చేతిసంచిలో ఫోన్ మోగింది. తీసి చూసి, తల ఎత్తి నాకు చూపించింది. ఒరిజినల్. స్పీకర్ నొక్కమని సైగ చేశాను.

"అక్కయ్యా, శుభవార్త. మాస్టారు ఇప్పుడే కళ్ళు తెరిచారు."

నేను ఆమె మోచెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"మాట్లాడుతున్నారా?" అంది.

"లేదింకా. నన్నే చూస్తున్నారు. నర్సు టీ తాగడానికి వెళ్ళింది. ఎవరూ విసిగించకుండా తలుపు గడియ వేశాను. ఒక్క మాట అక్కయ్యా. నిన్న ఆయన వేసుకున్న చెప్పులు ఎక్కడున్నాయి? ఇక్కడ మంచం కింద లేవు."

చేతికందిన చీటీ మీద పెన్సిలుతో రెండు ముక్కలు రాసి ఆమె కళ్ళ ముందు పెట్టాను. ఆమె చదివింది. ఎదురుగా సొంత తమ్ముడు మణికట్లు పట్టుకుని నిలబడి ఉండగా, గొంతులో ఒణుకు లేకుండా అంది.

"నా దగ్గరే ఉన్నాయి తమ్ముడూ. తెస్తున్నాను. అందాకా ఆయన్ని మాట్లాడిస్తూ ఉండు."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. ఆమె ఎందుకని అడగలేదు. చావుబతుకుల్లో ఉన్న మనిషికి చెప్పులెందుకని అడగకుండా తెస్తానంది. ఆ పొరపాటు నాది, నేను రాసిందే ఆమె చదివింది. అది అతనికి ఎంత అర్థమైందో ఆ నిశ్శబ్దంలో తెలియలేదు.

"తొందరేం లేదక్కయ్యా" అన్నాడు చివరికి. "నిదానంగా రండి. మీరొచ్చేదాకా నేను చూసుకుంటాను."

ఫోన్ పెట్టేశాడు. మరిది అప్పటికే తన ఫోన్‌లో ఆసుపత్రి నంబరు నొక్కి జీపు వైపు పరుగెడుతున్నాడు, అతని వెనక తమ్ముడు. మూడూ యాభై రెండు. ఆసుపత్రికి పదకొండు నిమిషాల దారి. నేను అక్కయ్య చెయ్యి పట్టుకుని లాగితే కదల్లేదు.

"నేనే కూర్చోబెట్టాను మేడం" అంది. "కుర్చీ నేనే లాగి, ఆయన తల దగ్గర వేసి కూర్చోబెట్టి వచ్చాను."

ఎలాగో ఆమెని జీపెక్కించాను. మరిది ఫోన్ స్పీకర్‌లో వార్డు నంబరు మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.